పొయ్యి మోకాలు వంచిన రోజు

మీరు ఒనుఫ్రీ సావ్చుక్‌ని కలిసి తీరాలి. నరెవ్ నది వంతెన దాటి మా ఊళ్ళోకి రాగానే మొదట కనిపించిన మనిషిని "పొయ్యి ఎక్కడుంటాడండీ?" అని అడగండి, చాలు. ఒనుఫ్రీ అంటే సగం మందికి తెలియదు. పొయ్యి అంటే మాత్రం చర్చి గంట కొట్టేవాడి దగ్గర్నుంచి రొట్టెల కొట్టు ముసలమ్మ దాకా అందరూ చెయ్యి చూపించి దారి చెబుతారు.

ఆయన పని పొయ్యిలు కట్టడమే. మా వైపు కొయ్య ఇళ్ళల్లో గది మధ్యన నిలువెత్తు ఇటుక పొయ్యి ఉంటుంది. చలికాలమంతా ఇంటిల్లిపాదీ దాన్ని అంటిపెట్టుకునే బతుకుతారు. అలాంటివి మూడొందల పైచిలుకు కట్టాడు. అయినా ఆ పేరు వచ్చింది అందుకు కాదు. ఇనుప కవచం తొడుక్కుని కోట ముంగిట్లో కొయ్య కంచెకి వీపు ఆనించి నిలబడితే, ఆయన్ని కదిలించడం ఒక్కడి వల్ల కాదు. కనీసం ముగ్గురు కావాలి. మనిషి పొట్టి, అడ్డం మాత్రం నిలువుతో పోటీ పడుతుంది. నలభై ఆరేళ్ళు. మెడ అనేది దాదాపు లేదు, బుర్రని తిన్నగా భుజాల మీద పెట్టేసినట్టుంటుంది.

నేను ఆయన జట్టులోనే కొడతాను, తన్నులు తింటాను. ఐదేళ్ళయింది. యూనివర్సిటీలో చరిత్ర చదివానని జట్టులో అందరూ నన్ను కాలేజీ అంటారు. మొదటిరోజే ఆయన అడిగాడు:

"ఏరా కాలేజీ, గొడ్డలి మొహం మీదకొస్తే ఏం చెయ్యాలంట? మీ పుస్తకాల్లో ఏం రాశారు?"

"డాలు ఎత్తాలి మేస్త్రీ."

"తప్పు. ముందు కాళ్ళు ఎడంగా పెట్టాలి. మొహం పగిలినా నిలబడొచ్చు రా. మోకాలు వంగిందంటే ఇంటికే."

ఆటంతా ఆ ఒక్క మాటలో ఉంది. అటు ఐదుగురు, ఇటు ఐదుగురు. ఒంటి మీద ముప్పై కిలోల ఇనుము. చేతుల్లో అంచులు మొద్దు చేసిన గొడ్డళ్ళు, కత్తులు, గదలు. పొడవకూడదు. మెడ వెనకా, మోకాలి వెనకా కొట్టకూడదు. మిగిలిన ఒళ్ళంతా మీ ఇష్టం. రెండు పాదాలు కాక ఇంకేది నేలకి తగిలినా వాడు అవుట్, రౌండ్ అయ్యేదాకా పడ్డచోటే కదలకుండా పడుండాలి. ఆఖరికి ఎవరి మనిషి నిలబడి ఉంటే రౌండ్ వాళ్ళది. మూడు రౌండ్లలో రెండు గెలిస్తే ఆట వాళ్ళది.

చేతులు చచ్చుబడిపోయి ఇక నావల్ల కాదనుకున్నవాడు తనే ఒక మోకాలు నేలకి ఆనిస్తాడు. వెంటనే వదిలేస్తారు. అందులో తప్పేం లేదు, నేను లెక్కలేనన్నిసార్లు ఆనించాను. పొయ్యి మాత్రం ఆనించలేదు. పదకొండేళ్ళుగా మా కోటలో ఆగస్టు పోటీలు జరుగుతున్నాయి. పడేశారు, కంచె అవతలికి ఎత్తి విసిరారు, ఓసారి స్పృహ లేకుండా తలుపు మీద పడుకోబెట్టి మోసుకెళ్ళారు. తనంతట తాను మోకాలు వంచడం మాత్రం ఆ బరిలో ఎవరూ చూడలేదు.

ఇప్పుడు జెమోవిత్ గురించి చెప్పాలి. ఆరడుగుల మూడంగుళాలు, ఇరవై ఎనిమిదేళ్ళు, పెయింట్ డబ్బా మీద బొమ్మ వెయ్యదగ్గ మొహం. ఒకప్పుడు మావాడే. పొయ్యి దగ్గరే ఆరేళ్ళు నేర్చుకున్నాడు. ఆయన భార్య ల్యూబా చేసే బంగాళాదుంప బబ్కా పళ్ళేలకి పళ్ళేలు తిన్నాడు, ఆమెని పిన్నీ అని పిలిచాడు. రెండేళ్ళ కిందట రాజధానిలోని నల్ల ఎద్దుల జట్టువాళ్ళు పిలిస్తే వెళ్ళిపోయాడు. వెళ్ళినందుకు ఎవరికీ కోపం లేదు. వెళ్ళేముందు ఆఖరి సాధన రోజున చేసిందానికే కోపం.

ఆ రోజు ఈల పడింది. అందరం ఆగాం. పొయ్యి ఇనుప చేతొడుగు తీసేసి, కుడిచెయ్యి కంచె మీద ఆనించి ఊపిరి పీల్చుకుంటున్నాడు. జెమోవిత్ గద ఆ చేతి మీద దిగింది. గింజల బస్తా మీద సుత్తి పడ్డట్టు చప్పుడైంది. బొటనవేలు, చూపుడువేలు రెండూ నుజ్జు. ఈల వినపడలేదన్నాడు వాడు. వినపడలేదేమో, నాకు తెలియదు. ఆసుపత్రికి మాత్రం రాలేదు. ఎవరో అడిగితే "ఆటలో తగిలినదానికి క్షమాపణలేంటండీ, మనమేం చదరంగం ఆడుతున్నామా?" అన్నాడట.

ఆ చలికాలం పొయ్యి ఒక్క పొయ్యి కూడా కట్టలేదు. వసంతంలో మళ్ళీ పనిలోకి దిగాడు. వేళ్ళు కాస్త వంకరగా అతుక్కున్నాయంతే, సుత్తి పట్టుకుంటున్నాడు, గొడ్డలి పట్టుకుంటున్నాడు. ఒక్కటే కొత్త అలవాటు. బంకమట్టి కలిపాక పదును చూడ్డానికి చిన్న ముద్ద తీసి కింది పెదవికి ఆనించుకుంటున్నాడు. వయసొచ్చేకొద్దీ మేస్త్రీలకి ఇలాంటి కిటుకులు వస్తాయి కాబోలు అనుకున్నాను.

ల్యూబా ఈ ఏడాది గడువు పెట్టేసింది. సాధన జరుగుతుంటే కోటకే వచ్చి, కంచె మీద మోచేతులు పెట్టి, మా అందరి ముందే అంది:

"ఇదే ఆఖరు ఆగస్టు. తర్వాత ఈ ఇనుప సామానంతా కోళ్ళ గూటికి కప్పు వేస్తా. విన్నావా?"

"విన్నానే."

"మళ్ళీ చెప్పు."

"ఆఖరు ఆగస్టు."

"వాడి కోసమే కదా ఇదంతా? ఆ సచ్చినోడి కోసమే కదా?"

 ఆమె వెళ్ళాక పొయ్యి నాతో మెల్లగా అన్నాడు. "ఒక్కసారి రా కాలేజీ. వెనక నుంచి కాదు, ముగ్గురం కలిసి కాదు. వాడు నా ఎదురుగా నిలబడి ఉండగా ఈ రెండు చేతుల్తో వాణ్ణి నేల మీద పెట్టాలి. అంతకంటే నాకేం వద్దు."

ఆగస్టు వచ్చింది. ఆదివారం మధ్యాహ్నానికి మేము ఫైనల్లో ఉన్నాం. అవతల నల్ల ఎద్దులు.

సెమీఫైనల్లోనే నా ముక్కు చితికింది. శిరస్త్రాణం లోపల రక్తం నోట్లోకి కారుతుంటే మింగుతూ కొట్టాను. మా కెప్టెన్ తోబియాష్ భుజం కీలు జారింది. మా డేరా వెనక గడ్డి మోపు మీద కూర్చోబెట్టి ఇద్దరం లాగితే టప్పుమని కూర్చుంది. వాడు గుక్కెడు ఊరగాయ దోసకాయల నీళ్ళు తాగి, "ఆ, బాగానే ఉంది, ఎవడు ఏడుస్తున్నాడక్కడ?" అన్నాడు. ఏడుస్తున్నది వాడే.

ఫైనల్‌కి ముందు మా కోటలో ఒక ఆనవాయితీ ఉంది. మిగతా చోట్ల ఎవరి శిరస్త్రాణం పట్టీ వాళ్ళ మనిషే బిగిస్తాడు. ఇక్కడ ఫైనల్లో మాత్రం ఎదుటి జట్టువాడు బిగించాలి. రెండో ఏడాది ఓడిన జట్టువాడు ఒకడు నా హెల్మెట్ వదులైంది, ఆట చెల్లదు అని పెద్ద గొడవ చేశాడు. అప్పట్నుంచీ ఇదే పద్ధతి. బరువుని బట్టి జతలు కలుపుతారు. నువ్వు శత్రువుకి బిగిస్తావు, శత్రువు నీకు బిగిస్తాడు. బిగించినవాడు పైకి "ఉంది" అనాలి, పెట్టించుకున్నవాడు "ఉంది" అనాలి. ఆ మాట అన్నాక ఇంక ఫిర్యాదుల్లేవు. ఒకవేళ నువ్వు బిగించిన పట్టీ ఊడిందా, జన్మలో మళ్ళీ ఈ బరిలో అడుగు పెట్టకూడదు. ఇన్నేళ్ళలో ఒక్క పట్టీ ఊడలేదు. మనల్ని చితక్కొట్టబోయేవాడి తలని మనం ఎంత జాగ్రత్తగా కడతామో మీరు చూడాలి.

ఇటు బరువైనవాడు పొయ్యి. అటు జెమోవిత్.

ఇద్దరూ బరి మధ్యలో ఎదురెదురుగా నిలబడ్డారు. మేం ఎనిమిది మందిమి చుట్టూ ఉన్నాం.

"బాగున్నావా మేస్త్రీ?"

"బతికున్నా."

"ల్యూబా పిన్ని ఎలా ఉంది?"

"నీ పేరెత్తితే ఉమ్ముతోంది."

వాళ్ళ జట్టువాళ్ళు నవ్వారు. జెమోవిత్ కూడా నవ్వాడు. పొయ్యికి పట్టీ గట్టిగా, సరిగ్గా, శ్రద్ధగా బిగించాడు. "ఉంది" అన్నాడు. పొయ్యి తల అటూ ఇటూ ఊపి "ఉంది" అన్నాడు.

తర్వాత పొయ్యి వంతు. జెమోవిత్‌ది కొత్త పట్టీ, మిరపపండు రంగు తోలు. గడ్డం కింద బకిల్, దాని మీద మెడ చుట్టూ ఇనుప రింగుల వల. బకిల్ కంటికి కనపడదు, వల కింద చేతులు పెట్టి వేళ్ళతో తడుముతూ పెట్టాలి. పొయ్యి చేతొడుగులు తీసి లోపల చేతులు పెట్టాడు. కొంచెంసేపు అయింది. ఇంకొంచెం అయింది.

"ఏంటి మేస్త్రీ, వేళ్ళు మొరాయిస్తున్నాయా?" జెమోవిత్ అందరికీ వినపడేలా అన్నాడు. "ముసలితనం మరి. చెప్పు, ఫర్లేదు. ఎవర్నైనా పిలవమంటావా సాయానికి?"

మళ్ళీ నవ్వులు. ఈసారి మావాళ్ళల్లో కూడా ఒకడు కిసుక్కుమన్నాడు.

"గడ్డం ఎత్తరా," అన్నాడు పొయ్యి. పట్టీని ఒక్క గుంజు గుంజాడు. జెమోవిత్ తల ముందుకి వచ్చింది. "ఉంది."

"ఉంది," అన్నాడు జెమోవిత్.

డప్పులు మొదలయ్యాయి.

మొదటి రౌండ్ మేం ఓడిపోయాం. పరిగెత్తుకొచ్చి గుద్దేశారు. నా డాలు మీద పడిన మొదటి గొడ్డలి దెబ్బకే మోచేయి దాకా చెయ్యి పోయింది. రెండోది భుజం మీద, మూడోది కణత మీద. గంట లోపల తల పెట్టి గంట కొడితే ఎలా ఉంటుందో అలా. తేరుకుని చూసేసరికి నేల మీద ఉన్నాను. నా కాళ్ళ మీద తోబియాష్ పడి ఉన్నాడు, వాడి మీద ఒక నల్ల ఎద్దు. పొయ్యిని నలుగురు కంచెకేసి అదిమి గదలతో వీపు, తల, డొక్కలు దంచుతున్నారు. కొయ్య విరుగుతున్న చప్పుడు. అది కంచె కొయ్యో, ఆయన డాలో తెలియలేదు. చివరికి నలుగురూ కలిసి కాళ్ళు లేపి కంచె అవతలికి తిప్పేశారు. ల్యూబా కూర్చున్న బెంచీ ముందే పడ్డాడు.

"చచ్చావా?" అంది ల్యూబా.

"లేదు."

"అయితే లే."

రెండో రౌండ్ మాది. అది ఒంటి చేత్తో పొయ్యి గెలిపించాడు. ఆయన పట్టు ఒకటుంది: మీదకి వచ్చినవాడి చంక కింద చెయ్యి పోనిచ్చి, నడుం మీదకి ఎత్తి, తను గిర్రున తిరిగి వాణ్ణి కంచె మీదకి వేసేస్తాడు. మా కంచె పై దూలానికి ఇనుప రేకు కొట్టి ఉంటుంది. నల్ల ఎద్దుల్లో లావుపాటి వాడొకడు ఆ పట్టులో దొరికాడు. వాడి తల రేకుకి తగిలిన చప్పుడు నదికి అవతల కూడా వినపడి ఉంటుంది. వాణ్ణి స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే శిరస్త్రాణం చూశాను. పక్కన గుడ్డు పట్టేంత సొట్ట. ఇనుముకి అంత సొట్ట పడింది! వాడు పక్కకి తిరిగి కక్కుకున్నాడు, తర్వాత బొటనవేలు ఎత్తి చూపించాడు, జనం చప్పట్లు కొట్టారు. వాడి స్థానంలోకి ఇంకొకడు వచ్చాడు.

ఒకటీ ఒకటీ. మూడో రౌండ్.

నేను ముప్పై సెకన్లు కూడా నిలబడలేదు. గద ఒకటి తొడ మీద దిగింది, కాలు ఉందో లేదో తెలియలేదు, బోర్లా పడ్డాను. కాకపోతే పడడం మంచిచోట పడ్డాను. మూలకి రెండు బారల దూరంలో, మొహం అటువైపే. రూలు ప్రకారం కదలకూడదు. ఇసక, రక్తం నమలుతూ ఇనుప చిల్లుల్లోంచి చూస్తూ పడి ఉన్నాను. అందుకే తర్వాత జరిగింది అందరికంటే దగ్గర్నుంచి చూసింది నేనే.

ఒక్కొక్కళ్ళే పడిపోయారు. తోబియాష్ మంచి భుజంతో ఒకణ్ణి పడేసి, చెడ్డ భుజం మీద దెబ్బ తిని కేక పెట్టి మోకాలు ఆనించేశాడు. అటు ఇద్దరు ఒకరి మీద ఒకరు పడ్డారు. దుమ్ము కాస్త తగ్గేసరికి నిలబడి ఉన్నది ఇద్దరే. పొయ్యి, జెమోవిత్.

జనం లేచి నిలబడిపోయారు. "పొయ్యీ! పొయ్యీ! పొయ్యీ!" అని కోట గోడలు అదిరేలా.

ఇద్దరూ కలబడ్డారు. మాట పట్టేంత సందు లేదు వాళ్ళ మధ్య, వట్టి రొప్పులు. జెమోవిత్ రెండు చేతుల గొడ్డలి పొయ్యి భుజం మీద పడింది, ఇంకోసారి అదే చోట పడింది. భుజం రేకు వంగి లోపలికి గుచ్చుకుంది. ఎడం మోచేతి నుంచి రక్తం ధారగా కారుతోంది. పొయ్యి వెనక్కి తగ్గలేదు. దగ్గరికి జరిగాడు. ఆయన పద్ధతే అది, ఎంత కొడితే అంత దగ్గరికి వస్తాడు. పొట్టి గొడ్డలి వెనక మొద్దుతో కింద నుంచి పైకి జెమోవిత్ దవడ మీద ఒక్కటి ఇచ్చాడు. వాడి తల ఎగిరి వెనక్కి పడింది. ఇంకొకటి. వాడు తూలుతూ వెనక్కి నడిచి మూలలో కంచెకి తగులుకున్నాడు. పొయ్యి వాడి మీదకి వెళ్ళి చంక కింద చెయ్యి పోనిచ్చాడు. నడుం తగిలించాడు. వాడి పాదాలు నేల మీంచి లేచాయి కూడా.

అయిపోయింది అనుకున్నాను. నోట్లో ఇసక పెట్టుకుని అరిచేశాను.

అప్పుడు కనపడింది. ఇనుప వల కింద నుంచి మిరపపండు రంగు పట్టీ. మూరెడు వేలాడుతోంది, దాని చివర బకిల్ ఎండకి తళుక్కుమంటోంది. జెమోవిత్ శిరస్త్రాణం పక్కకి తిరిగిపోయింది, కళ్ళ దగ్గర ఉండాల్సిన చిల్లు చెవి వైపుకి వచ్చేసింది. వాడికి ఏమీ కనపడడం లేదు. చేతికి తగిలినదాన్నల్లా గుడ్డిగా కొడుతున్నాడు. పొయ్యి తిరిగి వాణ్ణి వేసేస్తే ముందు శిరస్త్రాణం ఊడి పడుతుంది, ఆ వెనకే వట్టి తల. తల కిందే ఇనుప రేకు.

పొయ్యి ఆగిపోయాడు.

వాణ్ణి ఎత్తినవాడు ఎత్తినట్టే మళ్ళీ కాళ్ళ మీద నిలబెట్టాడు. నాకు స్పష్టంగా వినపడింది: "మోకాలు వెయ్యి! పట్టీ ఊడింది! మోకాలు వెయ్యరా!"

"పోరా ముసలోడా!" లోపల్నుంచి జెమోవిత్ గొంతు. "నన్ను మోసం చేస్తావా?"

"నీ పట్టీ రా, దొంగనాయాలా! తల ఊడొస్తుంది! కూర్చో!"

"నువ్వే కూర్చో!"

రెఫరీ పొయ్యి వీపు వెనక ఉన్నాడు. ఆ వీపు అడ్డుంటే ఏం కనపడుతుంది? డప్పుల్లో, కేకల్లో ఏం వినపడుతుంది? నేను అరిచాను. పడిపోయినవాడు అరిస్తే ఎవడు పట్టించుకుంటాడు, అందరం అరుస్తూనే ఉంటాం.

పొయ్యి గొడ్డలి వదిలేశాడు. ఎడంచేత్తో జెమోవిత్ నడుం వాటేసుకుని, కుడి అరచెయ్యి వాడి శిరస్త్రాణం నడినెత్తిన పెట్టి కిందకి అదిమి పట్టుకున్నాడు. పాల గిన్నె మీద మూత పట్టుకున్నట్టు. జెమోవిత్‌కి ఇదేదో కొత్త పట్టు అనిపించింది. గొడ్డలి కామ మొదలుతో పొయ్యి మొహం మీద కొట్టడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. నాలుగు. ఎనిమిదో దెబ్బకి పొయ్యి మొహం రేకు లోపలికి వంగింది, చిల్లుల్లోంచి రక్తం చిమ్మింది. ఆయన చెయ్యి తీయలేదు. వాడు మోకాలితో డొక్కలో పొడిచాడు, ఆయన చెయ్యి తీయలేదు. జనం కేకలు మారిపోయాయి. "ఏంటి ఆపేశావు? వేసెయ్! పొయ్యీ, వేసెయ్!" తోబియాష్ నేల మీంచి తల ఎత్తి బూతులు తిడుతున్నాడు: "తిప్పి వెయ్యరా నీ యబ్బ, ఏం ముద్దులాడుతున్నావు!"

పొయ్యి ఒకసారి వెనక్కి చూశాడు. రెఫరీ రాలేదు. మళ్ళీ జెమోవిత్ వైపు చూశాడు. అప్పుడు నెమ్మదిగా, గోడ దించుతున్నట్టు, కుడి మోకాలు వంచి ఇసకలో పెట్టాడు.

అంత పెద్ద కోట ముంగిలి. డప్పులు ఆగిపోయాయి. కొమ్ముబూర ఊదారు.

జెమోవిత్ రెండు చేతులూ ఎత్తి రంకె వేశాడు. వాళ్ళ జట్టువాడు ఒకడు లేచి పరిగెత్తుకొచ్చి సంతోషంతో వాడి నెత్తి మీద చరిచాడు. అంతే. శిరస్త్రాణం ఊడి, కంచె రేకుకి తగిలి ఠంగుమని, దొర్లుకుంటూ వచ్చి నా మొహం ముందు ఆగింది. జెమోవిత్ తడిసిన జుట్టుతో, ఎత్తిన చేతులు ఎత్తినట్టే, గుడ్లప్పగించి నిలబడ్డాడు. మెడ పక్కన పట్టీ ఒరుసుకున్న ఎర్రటి ముద్ర, అంతే.

అప్పుడొచ్చాడు రెఫరీ. పట్టీ చూశాడు. బకిల్ చూశాడు. తోలు తెగలేదు, ముల్లు విరగలేదు.

"ఇది బిగించింది ఎవరు?"

బకిల్‌దే తప్పు అనొచ్చు. కొత్త తోలు కదా, జారింది అనొచ్చు. సగం మంది నమ్మేవాళ్ళు. పొయ్యి తన శిరస్త్రాణం తీశాడు. ముక్కు ఎక్కడుందో తెలియడం లేదు, కింది పెదవి రెండుగా చీలి వేలాడుతోంది.

"నేనే."

"కావాలనే చేశావా?" అన్నాడు జెమోవిత్. గొంతు సన్నగా వచ్చింది.

పొయ్యి కింద పడేసిన గొడ్డలి తీసుకుని ల్యూబా దగ్గరికి నడిచి వెళ్ళాడు. ఆమె తలకి కట్టుకున్న గుడ్డ తీసి ఆయన నోటికి అదిమి పట్టి, దారి పొడుగునా తిడుతూ డాక్టరు డేరాలోకి తీసుకెళ్ళింది. పదకొండు కుట్లు.

ఆనవాయితీ ప్రకారం ఆ సాయంత్రమే ఆయన పేరు కొట్టేశారు. నల్ల ఎద్దులవాళ్ళు చంపాలని చూశాడు, ఆఖర్లో భయపడ్డాడు అన్నారు. మావాళ్ళల్లో సగం మంది గెలిచిన ఆట శత్రువుకి అప్పజెప్పాడు అన్నారు. "మెల్లగా పడేయొచ్చుగా" అన్నాడు తోబియాష్. నూట ఇరవై కిలోల మనిషినీ ఇనుమునీ కలిపి మెల్లగా ఎలా పడేస్తారో వాడే చెప్పాలి. ఇప్పటికీ పొయ్యితో సరిగ్గా మాట్లాడడు.

అక్టోబర్లో మా అమ్మమ్మ ఇంట్లో పాత పొయ్యి కూల్చి కొత్తది కట్టడానికి వచ్చాడు. నేను ఇటుకలు అందిస్తున్నాను. మట్టి కలిపాడు, చిన్న ముద్ద తీశాడు, అలవాటుగా పెదవికి ఆనించబోయి "అబ్బా" అని తీసేశాడు. కుట్లు వేసిన చోట ఇంకా సలుపుతూనే ఉంది. ముద్దని కనురెప్పకి ఆనించుకున్నాడు.

"వేలితో చూడొచ్చుగా మేస్త్రీ?"

చేతి మట్టి తుడుచుకున్నాడు. తర్వాత మా అమ్మమ్మ పక్కన రాజేసి పెట్టిన కుంపట్లో ఎర్రగా కాలుతున్న నిప్పు మీద కుడి చూపుడువేలు పెట్టాడు. పెట్టి ఉంచేశాడు. వాసన వచ్చింది, నేనే చెయ్యి పట్టుకుని లాగాను.

"చూశావుగా," అన్నాడు. "రెండేళ్ళయింది. బొటనవేలూ అంతే. సుత్తి పట్టుకోవడానికి పనికొస్తాయి. ఏం ముట్టుకున్నానో మాత్రం తెలీదు."

"మరి ఆ రోజు బకిల్..."

"ముల్లు చిల్లులోకి దిగిందో లేదో తెలీలేదు రా. దిగినట్టే ఉంది అనుకున్నా. గుంజి చూశా, పట్టుకుంది. తోలు కొత్తది, రాపిడికి పట్టుకుని ఉంటుంది." ఇటుక తిప్పి చూసి మళ్ళీ కింద పెట్టాడు. "ఎవర్నైనా చూడమని అడగాల్సింది. నిన్నే అడగొచ్చు, పక్కనే ఉన్నావు. కానీ వాడు అప్పుడే అన్నాడుగా, సాయానికి పిలవమంటావా అని. నా వేళ్ళు చంపినోడే నవ్వుతూ అడుగుతుంటే, అవును నాయనా, చచ్చిపోయాయి, ఎవర్నైనా పిలువు అని పది మంది ముందు ఎలా అంటాన్రా? అందుకే ఉంది అనేశా."

"ఈ మాట అందరికీ చెప్పొచ్చుగా? చంపాలని చూశావంటున్నారు!"

"చెప్తే ఏమంటారు? పాపం పొయ్యి అంటారు." నవ్వబోయాడు, కుట్ల మచ్చ లాగింది. "అదొద్దు. ఆ ఇటుక ఇటివ్వు."

చెప్పొద్దన్నా నేను చెప్పేస్తున్నాను, ఆయన తిడితే తిట్టనీ. జనమంతా ఇప్పటికీ ఆ మోకాలి గురించే వాదించుకుంటున్నారు. నాకు మోకాలి విషయంలో అనుమానమే లేదు. నన్ను నిద్రపోనివ్వనిది దానికి పావుగంట ముందు జరిగింది. మీ వేళ్ళు చంపినవాడు గడ్డం ఎత్తి మీ ముందు నిలబడ్డాడు. చుట్టూ అందరూ నవ్వుతున్నారు. మీ వేలికి ఏమీ తెలియడం లేదు. "ఉంది" అన్న ఒక్క మాట కోసం అందరూ మీ నోటి వైపే చూస్తున్నారు. నిజం చెప్పండి, మీరైతే ఏం చేసేవారు?